అర్దళం లేని ఎల్లమ్మ

రామారెడ్డి ఊళ్లో మూడు రోజుల ఆట ముగిసింది. చిందు మేళం సామాను బండికెత్తుతుంటే, బావి దగ్గర నీళ్లు చేదుతున్న ఆడవాళ్ల మాటలు సాలవ్వ చెవిన పడ్డాయి.

"ఆట మంచిగనే ఆడుతది. కని కల్లు తాగనిదే గజ్జె కట్టదట."

"ముక్కు సూస్తలేవా ఎంత ఎర్రగున్నదో. తాగుడు ముక్కు గది."

సాలవ్వ చేతిలోని చెక్క కిరీటాన్ని బండిలో జాగ్రత్తగా పెట్టి బావి దగ్గరికి నడిచింది. ఆమెను చూడగానే ఇద్దరూ బిందెలు ఎత్తుకోబోయారు.

"ఆగుండ్రి అవ్వా. నేను కల్లు ముట్టక నాలుగేండ్లయింది. ముడితే మొకం మండుతది, గందుకే మానేసిన. ఈ ఎరుపు ఎందుకొచ్చిందో నాకే తెల్వదు. తెల్వనిదాన్ని తాగుడు మీద వెయ్యకుండ్రి."

ఆమె గొంతులో కోపం లేదు. వేదిక మీద నాలుగు వందల మందికి వినిపించే గొంతు అది. మామూలుగా మాట్లాడినా స్పష్టంగా ఉండేది. ఆ ఇద్దరూ తలలూపారు. సాలవ్వ వెనక్కి వచ్చి బండెక్కింది.

అది పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది. శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజులు. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో చిందు భాగవతం ఆడే కుటుంబాల్లో సాలవ్వది ఒకటి. ఆమెకు ముప్పై ఏళ్లు. తొమ్మిదో ఏట గజ్జె కట్టింది. రాజు వేషం వేసినా, రాణి వేషం వేసినా జనం ఆమె కోసమే వచ్చేవాళ్లు. మేళానికి పెద్ద ఆమె మేనమామ భూమయ్య. మద్దెల వాయించేది ఆమె భర్త సిద్దిరాములు.

ముఖం ఎర్రబడటం మొదలై నాలుగేళ్లు. మొదట్లో ఎండలో నడిచి వస్తే బుగ్గలు కాసేపు కందిపోయేవి, నీడలో కూర్చుంటే తగ్గేది. తర్వాత తర్వాత తగ్గడం మానేసింది. ముక్కు మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. బుగ్గల మీద పొక్కులు వచ్చేవి. కారం తింటే మంట, పొయ్యి ముందు కూర్చుంటే మంట, వేదిక మీద పెట్రోమాక్స్ దీపాల దగ్గరికి వెళితే మంట. అన్నింటికంటే ఎక్కువగా, ఆట అయిపోయి రంగు కడిగిన తర్వాత ముఖమంతా నిప్పులు పోసినట్టుండేది.

ఎవరేం చెబితే అది చేసి చూసింది. నిమ్మకాయ రుద్దమంటే రుద్దింది. శనగపిండిలో ఇసుకంత గరుకుగా పసుపుకొమ్ము దంచి కలిపి నలుగు పెట్టమంటే పెట్టింది. వేపాకు మరిగించిన నీళ్ల ఆవిరి పట్టమంటే దుప్పటి కప్పుకొని పట్టింది. ఆవిరి పట్టిన రోజున ముఖం వాచి, కన్ను సగమే తెరుచుకుంది. ఆ రోజే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఇక ఎవరు ఏది చెప్పినా నేరుగా ముఖానికి పూయదు. ముందు చెవి కింద, దవడ మూలన, చింతగింజంత చోట పూసి ఒక రోజు ఆగుతుంది. అక్కడ మండితే అది అక్కడితోనే ఆగిపోతుంది.

బండి ఇల్లు చేరిన రెండో రోజు ఒక మనిషి వచ్చాడు. ఎల్లారెడ్డికి కోసెడు దూరంలో ఒక ఊరుంది. అక్కడ ఏటా ఎల్లమ్మ పండుగకు ఈ మేళమే ఆడుతుంది. ఐదో రోజు పగటిపూట సాలవ్వ ఎల్లమ్మ వేషం కట్టి ఊరంతా తిరుగుతుంది. తల్లులు పిల్లల్ని తెచ్చి ఆమె చేత బొట్టు పెట్టించుకుంటారు. ఆ ఊరి పెద్ద పురుషోత్తం రెడ్డి పంపిన మాట ఇది.

"ఈసారి ఎల్లమ్మ వేషానికి ఇంకొకర్ని తెచ్చుకోమన్నడు పటేలు. పెద్దరోగం అని ఊళ్లె అనుకుంటున్నరట. పిల్లల్ని ముట్టనియ్యమంటున్నరు."

పెద్దరోగం అంటే కుష్ఠు. ఆ మాట విని సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. ఆ మనిషి వెళ్లిపోయాక భూమయ్య మెల్లగా అన్నాడు:

"దుర్గవ్వ తోని కట్టిద్దాం బిడ్డా. ఈ ఒక్క ఏడు."

దుర్గవ్వ సాలవ్వ తోడికోడలు. మంచి గొంతు, కానీ ఎల్లమ్మ వేషం ఎన్నడూ కట్టలేదు.

"పండుగకు ఇంకా ఇరవై రోజులున్నయి మామా," అంది సాలవ్వ. "నాకు పెద్దరోగమే అయితే నేనే పక్కకు జరుగుత. కాకుంటే నా వేషం నేనే కడత. ముందు తెలుసుకోనియ్యి."

మర్నాడు తెల్లవారకముందే భార్యాభర్తలు కామారెడ్డి పోయే బెల్లం బండ్ల వెంట బయలుదేరారు. సాలవ్వ కొంగు నిండుగా కప్పుకొని, పొద్దెక్కాక బండి నీడన నడిచింది. ఎండ ముఖాన పడని రోజున మంట సగమే ఉంటుందని ఆమె అప్పటికే గమనించింది. నడుమ ఒక ఊళ్లో పడుకొని, రెండో రోజు పొద్దున్నే కామారెడ్డి బజారు చేరారు.

బజారులో యునానీ వైద్యం చేసే ఒక ముసలి హకీం ఉండేవాడు. ఇంటి ముందు గదిలో గోడ పొడుగునా సీసాలు, డబ్బాలు. ఆయన ముందు కూర్చొని సాలవ్వ కొంగు తీసింది.

"నాకు పెద్దరోగమో కాదో చెప్పండ్రి హకీం సాబ్. ఉన్నదున్నట్టు చెప్పండ్రి."

హకీం ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమన్నాడు. నెమలీక కొసతో ముఖాన్ని తాకుతూ, తాకినప్పుడల్లా చూపించమన్నాడు. ఆమె వేలు ప్రతిసారీ సరైన చోటుకే వెళ్లింది. కనుబొమలు చూశాడు, చెవి తమ్మెలు నొక్కి చూశాడు, మోచేతి వెనక నరం తడిమాడు. చల్లటి గిన్నె, గోరువెచ్చటి గిన్నె ఒకదాని తర్వాత ఒకటి బుగ్గకు ఆనించాడు.

"కళ్లు తెరువు బేటీ," అన్నాడు. "ఆ బీమారిల తోలు మొద్దు బారుతది. తాకినా తెల్వదు. నీ తోలు మొద్దు బారలేదు, మనిషికి ఉండాల్సిన దానికన్న ఎక్కువ తెలుసుకుంటున్నది. మా కితాబుల్ల దీన్ని బాద్‌షనామ్ అంటరు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటేది కాదు. తాగితె వచ్చేది కూడ కాదు. కొందరి మొకం పుట్టుకతోనే గట్ల నాజూకు."

సిద్దిరాములు గోడకు చేరగిలబడి ఊపిరి వదిలాడు. సాలవ్వ మాత్రం అలాగే కూర్చుంది.

"పోతదా?"

"పూరాగ పోతదని చెప్పను. అట్ల చెప్పెటోన్ని నమ్మకు. అణిగి ఉంటది. గరమ్ వద్దు, అంటే పొయ్యి సెగ, ఎండ, ఆవిరి, మసిలే నీళ్లు. మిరప్కాయ తగ్గించు. గరుకుది ఏదీ మొకం మీద రుద్దకు. చల్లటి నీళ్లు, మెత్తటి గుడ్డ. తుడుచుడు కాదు, అద్దుడు."

ఒక సీసాలో గులాబీ నీళ్లు పోసి ఇచ్చాడు. రోజుకు రెండుసార్లు పూయమన్నాడు. సాలవ్వ సీసా తీసుకుంది కానీ అక్కడ పూసుకోలేదు. ఆ ఊళ్లోని చుట్టాల ఇంటికి వెళ్లి చెవి కింద చుక్క పెట్టుకొని ఊరుకుంది.

సాయంత్రం రైలు స్టేషను దారిలో ఒకడు గుడ్డ పరిచి తెల్లటి మలాం డబ్బాలు అమ్ముతున్నాడు. ఎంత నల్లటి మొకమైనా, ఎంత మచ్చల మొకమైనా వారంలో తెల్లగా అవుతుందని అరుస్తున్నాడు. ఆడవాళ్లు మూగి ఉన్నారు. సాలవ్వ ముఖం చూసి అతను డబ్బా ముందుకు చాచాడు.

"దీంట్ల ఏమేం కలిపినవు అన్నా?" అని అడిగింది ఆమె.

"గది ఖాన్‌దానీ మందు, మా తాతల నాటిది. చెప్పేది కాదు."

"నీ మొకానికి పూసుకుంటవా?"

"నాకెందుకు, నాది మంచిగనే ఉన్నది."

"ఏం కలిపినవో చెప్పనిది, నువ్వు పూసుకోనిది, నేనెట్ల పూసుకుంట?" అని డబ్బా తిరిగి గుడ్డ మీద పెట్టింది. ఆమె వెనకే ఇద్దరు ఆడవాళ్లు కూడా డబ్బాలు పెట్టేసి నడిచారు. అతను ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టాడు.

పొద్దున్నే చూసుకుంటే గులాబీ నీళ్లు పెట్టిన చోట దద్దు లేచి ఉంది. సాలవ్వ మళ్లీ హకీం దగ్గరికి వెళ్లి చెవి కింద చూపించింది. ఆయన కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూశాడు.

"ఇట్ల చూసుకునే ఉపాయం నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే. ముందుగాల మొకమంత కాల్చుకున్న, తర్వాత తెలివి వచ్చింది."

హకీం నవ్వాడు. "నా దగ్గరికి వచ్చెటోళ్లు దవా మండితె దవా పనిచేస్తుందనుకుంటరు. నువ్వు అట్ల అనుకోలేదు. అచ్ఛా. గులాబీ నీళ్లు పడెయ్యి. ఆవునెయ్యి దొరుకుతదా? రాగి తాంబాళంల వెయ్యి. చల్లటి నీళ్లు పొయ్యి, అరచేత్తోని పిసుకు, నీళ్లు వంపు. మళ్ల పొయ్యి. నూరుసార్లు. నెయ్యి వాసన పోయి వెన్న లెక్క తెల్లగ అయితది. పల్చగ పూసుకో. అదీ ముందు నీ చెవి కిందనే."

వెళ్లేముందు ఉర్దూలో ఒక చీటీ రాసిచ్చాడు. ఈమెకు అంటురోగం లేదని, తాను స్వయంగా పరీక్ష చేశానని అందులో ఉంది.

ఇంటికి వచ్చిన రోజునే సిద్దిరాములు తాంబాళం ముందేసుకొని కూర్చున్నాడు. నెయ్యి కడగడం తన పనే అన్నాడు. మద్దెల వాయించే అరచేతులు. ఎంతసేపు పిసికినా అలసట లేదు. లెక్క తప్పకుండా పది పదికీ ఒక జొన్నగింజ పక్కన పెట్టాడు. అరవై దాటేసరికి నెయ్యి తెల్లబడింది. నూరో నీళ్లు వంపేసరికి అది నురగలాగా మెత్తగా, చల్లగా ఉంది. చెవి కింద పెట్టుకుంటే మర్నాటికి ఏమీ కాలేదు. మూడో రోజు బుగ్గలకు పూసుకొంది. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి ముఖం బిగుసుకున్నట్టు కాక, తన ముఖంలాగే అనిపించింది. ఆ మధ్యాహ్నం ఆమె ఏ కారణం లేకుండా ఒక పాత పాట పాడుకుంటూ కూర్చుంది.

అయితే అసలు చిక్కు అర్దళం దగ్గర వచ్చింది.

అర్దళం అంటే బంగారు పసుపు రంగు రాయి. దాన్ని నీళ్లతో సాన మీద అరగదీసి, వేషం కట్టేవాళ్లు ముఖమంతా పూస్తారు. దీపం ముందు ఆ రంగు పసిడిలా మెరుస్తుంది. నలభై ఏళ్లుగా మేళానికంతా అర్దళం అరగదీసేది భూమయ్యే.

"హకీం చెప్పినవన్నీ చెయ్యి బిడ్డా. కని అర్దళం లేనిది దేవుని వేషం ఎట్ల అయితది? మా తాత పూసిండు, మా నాయిన పూసిండు," అన్నాడు భూమయ్య.

"ఆట ఆడని నెల మంట తగ్గుతున్నది, ఆట ఆడిన నెల పెరుగుతున్నది. నేను నాలుగేండ్ల సంది చూస్తున్న. నా మాట నమ్మకు మామా. నీ చేత్తోనే పెట్టి చూడు."

ఆమె మూడు చిప్పలు తెచ్చి ముందు పెట్టింది. ఒకదానిలో అర్దళం, ఒకదానిలో పసుపు, మూడోదానిలో వాగు ఒడ్డున దొరికే పచ్చమన్ను. ఆ మన్నును కుండనీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైన తేరిన దాన్ని గుడ్డలో వడగట్టి ఆరబెట్టింది. చూపుకు అర్దళమంత మెరుపు లేదు కానీ మంచి పసుపు రంగే.

భూమయ్య తన వేలితో ఆమె దవడ కింద మూడు చుక్కలు పెట్టాడు. ఇద్దరూ పందిరి కింద కూర్చున్నారు. ఆయన పాతపాటల పుస్తకం తిరగేస్తూ మధ్యమధ్య చూస్తున్నాడు. పొద్దు వాలేసరికి అర్దళం చుక్క కింద చర్మం ఉబ్బి ఎర్రగా కాలినట్టయింది. పసుపు చుక్క దురద పెడుతోంది. మన్ను పెట్టిన చోటు మామూలుగా ఉంది.

భూమయ్య వంగి ఆ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. సాలవ్వ ఆయన చేయి పట్టుకొని వెలుతురులోకి తిప్పింది.

"నీ అరచెయ్యి చూడు మామా. గివేంది, జొన్నగింజల లెక్క?"

"పనిచేసిన చేతుల కాయలు."

"కొడవలి పట్టినోళ్లకు కాయలు వేళ్ల మొదట్ల ఉంటయి. నీకు చెయ్యంత ఉన్నయి. సాన పట్టే నువ్వు ఒక్కనివే. మనింట్ల ఇంకెవ్వరికీ ఇట్ల లేవు."

ఆయన రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టుకొని చూసుకున్నాడు. తర్వాత లేచి, అర్దళం చిప్పను పెరటి అవతలికి తీసుకెళ్లి గొయ్యి తీసి పూడ్చాడు. చేతులు కడుక్కొని వచ్చి, "ఆ మన్ను ఎంత తెచ్చినవు? ఇంకో కుండెడు తెద్దాం," అన్నాడు. ఆ వారమే కామారెడ్డి పోయి హకీంకు చేతులు చూపించుకొచ్చాడు. అర్దళంలో విషం ఉంటుందని, ఆ కాయలు దానివల్లేనని, ఇక దాని జోలికి పోవద్దని ఆయనా గట్టిగా చెప్పాడు.

పండుగకు ఐదు రోజుల ముందు సాలవ్వ, భూమయ్య కలిసి పురుషోత్తం రెడ్డి ఇంటికి వెళ్లారు. ఆయన అరుగు మీద కూర్చొని చీటీ చదివాడు. ఉర్దూ బాగా వచ్చినవాడు. రెండుసార్లు చదివి మడిచాడు.

"నాకు నమ్మకం కుదిరింది సాలవ్వా. కని ఊళ్లె ఇది చదివెటోళ్లు నలుగురే. మిగిలినోళ్లకు నీ మొకమే కనవడుతది."

"మొకమే చూడమనండ్రి పటేలా," అంది సాలవ్వ. "ఏటా చాటున రంగు పూసుకొని బయటికొస్తం. ఈసారి అందరి ముందర కూసుంట. వట్టి మొకం చూసినంక, నేను ఏం పూసుకుంటున్ననో చూసినంక, వేషం చూడుమనండ్రి. అప్పుడు కూడ వద్దంటె దుర్గవ్వ కడతది."

పురుషోత్తం రెడ్డి భూమయ్య వైపు చూశాడు. భూమయ్య, "ఆమె చెప్పిందే నా మాట," అన్నాడు.

"ఇంకొకటి," అంది సాలవ్వ. "వేషం పొద్దు పొడవంగనే మొదలు పెడతం. నడి ఎండకు వేషం విప్పేస్త. మొక్కుకొని సాక పోసే కల్లు అమ్మవారికి పోయండ్రి, నాకు మంచినీళ్లు ఇయ్యండ్రి."

ఆయనకు నవ్వు వచ్చింది. "అడిగేటియి ఎన్నున్నయో అన్నీ ఇప్పుడే అడుగు," అని ఒప్పుకున్నాడు.

ఐదో రోజు తెల్లవారుతుండగా ఊరి మధ్య చదునులో చాప పరిచారు. జనం చుట్టూ నిలబడ్డారు, కాస్త దూరంగానే. సాలవ్వ చాప మీద కూర్చొని కొంగు తీసింది. లేత వెలుతురులో బుగ్గల ఎరుపు, ముక్కు మీది నరాలు అందరికీ కనిపించాయి. ఎవరో గుసగుసలాడారు. ఆమె తల దించుకోలేదు. చల్లటి నీళ్లతో ముఖం తడిపి మెత్తటి గుడ్డతో అద్దుకుంది.

"ఇది కడిగిన నెయ్యి," అని పైకెత్తి చూపించి పూసుకుంది. "ఇది మన వాగు మన్ను. ఇది ముగ్గు కింద అలికే ఎర్ర జాజు." పచ్చమన్ను ముఖమంతా పరుచుకుంది, జాజుతో నుదుటి మీద పెద్ద బొట్టు దిద్దుకుంది, కాటుక పెట్టుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే సాలవ్వ పోయి ఎల్లమ్మ వచ్చింది. భూమయ్య కిరీటం తెచ్చి తల మీద పెట్టాడు. సిద్దిరాములు మద్దెల మీద చేయి వేశాడు.

ఆమె లేచి మొదటి అడుగు వేసేసరికి జనం సర్దుకొని దారిచ్చారు. ఏటా ఆడినట్టే ఆడింది. కాదు, ఈసారి ముఖం మండటం లేదు కనుక కళ్లు పూర్తిగా తెరిచి ఆడింది. చివరి వరసలో ఉన్నవాళ్లను కూడా పేరు పెట్టి పిలిచినట్టు చూసింది.

బొట్టు పెట్టే వేళకు ఆమె ఆగి నిలబడింది. తల్లులు పిల్లల్ని ఎత్తుకొని ఉన్నారు కానీ ఎవరూ ముందుకు రావడం లేదు. కూరగాయలు అమ్మే కమలవ్వ అనే ముసలామె తన మనవరాలిని చంకనేసుకొని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"పోయిన ఏడు నా పెద్ద మనవనికి పెట్టినవు. వాడు గట్టిగ తిరుగుతున్నడు. దీనికి పెట్టు తల్లీ."

సాలవ్వ బొటనవేలు జాజులో ముంచి ఆ పిల్ల నుదుట పెట్టింది. పిల్ల కిరీటంలోని అద్దం ముక్కను పట్టుకోబోయింది. పక్కనున్న ఒకామె నవ్వి, తన కొడుకును కిందికి దించి ముందుకు పంపింది. ఆ వెనక మరొకరు. కాసేపటికి వరస ఊరి గవిని వాకిలి దాకా సాగింది. పురుషోత్తం రెడ్డి కోడలు కూడా అందులో నిలబడింది.

ఎండ నడినెత్తికి రాకముందే వేషం విప్పింది. నువ్వులనూనెలో తడిపిన గుడ్డతో రుద్దకుండా రంగు తీసింది. ఎరుపు ఉంది, కానీ వాపు లేదు, నిప్పుల మంట లేదు. ఆ ఎరుపు ఆ తర్వాతి ఏళ్లలోనూ పూర్తిగా పోలేదు. ఎండాకాలంలో రేగేది, వానాకాలంలో అణిగేది. ఆమె దానికి తగ్గట్టు నడుచుకోవడం నేర్చుకుంది. దుర్గవ్వతో సహా మేళంలో అందరూ పచ్చమన్నుకే మారారు.

ఆ మధ్యాహ్నం వేపచెట్టు నీడలో సాలవ్వ చల్లటి మజ్జిగ తాగుతుంటే మహమ్మద్‌నగర్ నుంచి వచ్చిన ఒక రైతు భూమయ్య దగ్గర కూర్చున్నాడు. తమ ఊళ్లో వచ్చే నెల పండుగ ఉందని, మేళం రావాలని అడిగాడు.

"ఎల్లమ్మ వేషం ఇయ్యాల కట్టిన ఆమెనే కడతదా?" అన్నాడు.

భూమయ్య సాలవ్వ వైపు చెయ్యి చూపించాడు. "గది ఆమెనే అడుగు."

సాలవ్వ గ్లాసు కింద పెట్టింది. "మీ ఊళ్లె వాగు ఎంత దూరం అన్నా? మన్ను మంచిగుంటదా?"